చమక్ వేరు, దమ్ వేరు

మా పెద్ద మామూకి విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మీ నన్ను అక్కడికి పంపేసేది. నా పని స్పానర్లు అందించడం, చాయ్ తేవడం, నట్లు బోల్టులు కిరసనాయిల్లో కడగడం. ఒకరోజు మామూ బల్ల మీద ఒక అంబాసిడర్ ఇంజన్ హెడ్డు వెల్లకిలా పడుకుని ఉంది. మసి గీకేశాక లోపల నాలుగు గుంటలు కనిపించాయి. గుండ్రంగా లేవు. పాన్ ఆకులా, దిల్ ఆకారంలో ఉన్నాయి. "ఇలా ఎందుకున్నాయి మామూ?" అని అడిగాను. "కంపెనీవాళ్ల మర్జీ" అన్నాడు మామూ. ఆయనకు అంతకన్నా తెలియదు. తెలుసుకునే కితాబు ఆ షెడ్డులో లేదు.

ఆ హెడ్డు ఒక టాక్సీవాలాది. "భాయ్, బండికి పికప్ కావాలి. ఏదైనా చెయ్యి" అని అడిగాడట. మామూ ఎవరి దగ్గరో విన్నాడు, హెడ్డులో గాలి పోయే దారుల్ని పెద్దవి చేసి, అద్దంలా రుద్దితే బండి ఎగిరిపోతుందని. నాలుగు రోజులు కూర్చున్నాడు. ముందు గ్రైండర్, తర్వాత ఆకురాయి, తర్వాత గరుకు ఎమెరీ కాగితం, చివరికి నూనెలో తడిపిన సన్న కాగితం. నాలుగో రోజు సాయంత్రం బల్బు కింద పెడితే దారి లోపల మా మొహాలు కనిపించాయి. మామూ మొహంలో వచ్చిన ఆ ఫఖ్ర్ నాకింకా గుర్తుంది.

వారానికి టాక్సీవాలా తిరిగొచ్చాడు. శ్రీశైలం ఘాట్‌లో నిండు సవారీతో బండి లాగలేదట. పైకి ఎక్కేటప్పుడు దగ్గింది, ఆగింది, మనుషులు దిగి నడవాల్సి వచ్చింది. ఆయన గొడవ పెట్టలేదు, కానీ మామూకి అదే ఎక్కువ షర్మ్ అనిపించింది. పాత సామాన్ల బజారులో తన జేబు నుంచి ఇంకో హెడ్డు కొని బిగించి ఇచ్చాడు. ఆ చమక్ హెడ్డు ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాడు. "గల్తీ ఎక్కడ జరిగిందో అర్థం కావట్లేదు బేటా" అన్నాడు. ఆ జవాబు కోసం నేను చాలా ఏళ్ల తర్వాత చదవడం మొదలుపెట్టాను. చదివితే ఒక తారీఖే బయటపడింది. అదే ఈ కహానీ.

ఇంజన్‌కి కూడా ఊపిరి ఉంటుంది

ముందు ఒక్క విషయం సాఫ్‌గా చెప్పుకుందాం. ఇంజన్ పెట్రోల్‌తో నడుస్తుందని అనుకుంటాం. అసలియత్ ఏమిటంటే, అది గాలితో నడుస్తుంది. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, దాన్ని కాల్చడానికి దానికి తగ్గ హవా లోపలికి రావాలి. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది, పైకి వస్తూ నొక్కుతుంది, మంట అంటుకుంటుంది, మళ్లీ పైకి వస్తూ పొగను బయటికి నెడుతుంది. మన సాన్స్ లాంటిదే. ఈ గాలి వచ్చే దారి, పొగ పోయే దారి రెండూ ఉండేది హెడ్డులోనే. ఆ దారుల్నే పోర్టులు అంటారు. దారి చివర తలుపు వాల్వు.

ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే, పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి పట్టే వక్త్ సెకనులో వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడున్నర భాగాలు. మనం కనురెప్ప కొట్టేలోగా ఇలాంటివి పది జరిగిపోతాయి. అంత తక్కువ సేపట్లో సిలిండర్ నిండాలి. నిండకపోతే దమ్ లేదు. అందుకే మనుషులు వందేళ్లుగా ఆ దారుల మీద పడ్డారు.

గ్యాస్ మీటర్ల ఊరి నుంచి వచ్చిన మనిషి

ఈ తారీఖులో పెద్ద ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు, హ్యారీ వెస్లేక్. 1897లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టాడు. ఆయన ఇంటి పేషా గ్యాస్‌తో ముడిపడినది. ఇళ్లకు పోయే గ్యాస్‌ని గొట్టాల్లో నడిపించి, మీటర్లతో కొలిచే పని. ఆ ఇంటి పిల్లవాడికి చిన్నప్పుడే ఒక ఆదత్ పడింది. కంటికి కనిపించని దాన్ని కూడా కొలవొచ్చు, కొలవాలి అని. యవ్వనంలో మోటార్ సైకిళ్ల కోసం వెక్స్ అనే కార్బురేటర్ తయారుచేశాడు. అక్కడి నుంచి మెల్లగా హెడ్డు లోపలికి దిగాడు.

ఆ జమానాలో ఇంజన్ బాగుచేసే తరీఖా ఏమిటి? దారి పెద్దది చెయ్యి, నునుపు చెయ్యి, బిగించు, నడిపి చూడు. బాగుంటే వాహ్వా, లేకపోతే ఇంకోటి. అంతా అందాజా. వెస్లేక్ చేసిన పని చూడటానికి చిన్నది. ఇంజన్ నడపకుండానే, ఉత్త హెడ్డును బల్ల మీద పెట్టి, దాని పోర్టులోంచి గాలి లాగించి, వాల్వును కొంచెం కొంచెంగా తెరుస్తూ, ఏ ఎత్తులో ఎంత గాలి పోతోందో కొలిచాడు. గ్యాస్ మీటర్ల ఇల్మ్‌ని ఇంజన్ హెడ్డు దగ్గరికి తెచ్చాడు. ఒకచోట కొంచెం గీకు, మళ్లీ కొలువు. పెరిగిందా, తగ్గిందా? కాగితం మీద రాసుకో. బెంట్లీ లాంటి పెద్ద కంపెనీలు ఆయన మష్వరా కోసం వచ్చాయి.

తర్వాత కావెంట్రీ నుంచి విలియం లయన్స్ అనే షోకిలా సేఠ్ వచ్చాడు. ఆయన కంపెనీ పేరు అప్పటికి ఎస్.ఎస్. కార్స్. కార్లు చూడటానికి నవాబుల్లా ఉండేవి, లోపల మాత్రం స్టాండర్డ్ కంపెనీ నుంచి కొన్న మామూలు 2663 సిసి ఇంజన్. దానిలో వాల్వులు సిలిండర్ పక్కన నిలబడి ఉండేవి, దాన్ని సైడ్ వాల్వ్ అంటారు. గాలి పైకి వచ్చి, పక్కకు తిరిగి, మళ్లీ కిందికి దిగాలి. చుట్టుతిరుగుడు దారి. ఆ ఇంజన్ దమ్ 70 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోయేది. వెస్లేక్ వాల్వుల్ని సిలిండర్ నెత్తి మీదకు తెచ్చే కొత్త హెడ్డు చేశాడు. కింద ఇంజన్ అదే, పైన ఊపిరి మారింది. దమ్ 100 దాటింది. ఆ కారును 1935 సెప్టెంబర్‌లో లండన్‌లో చూపించారు, జాగ్వార్ అనే పేరుతో. ఈరోజు దునియా అంతా ఎరిగిన ఆ నామ్ మొదటిసారి బయటికి వచ్చింది ఆ హెడ్డుతోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల మంటలు కాచేందుకు రాత్రిళ్లు ఫ్యాక్టరీలో పహరా కాస్తూ లయన్స్, ఆయన ఇంజనీర్లు ఒక కొత్త ఇంజన్ గురించి మాట్లాడుకునేవాళ్లు. అదే 1948లో ఎక్స్‌కె పేరుతో వచ్చింది. 3442 సిసి, 160 హార్స్‌పవర్. దాని హెడ్డులోనూ వెస్లేక్ హాథ్ ఉంది. గాలి లోపలికి వచ్చేటప్పుడు సుడి తిరిగేలా పోర్టును వంచారు. ఆ ఇంజన్ పెట్టిన కార్లు 1951, 1953, 1955, 1956, 1957 సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసు గెలిచాయి.

ఆ దిల్ ఆకారం ఎక్కడిది?

ఇప్పుడు మా మామూ బల్ల దగ్గరికి వద్దాం. లండన్, కావెంట్రీ సంగతులు మనకెందుకు అనుకుంటున్నారేమో. కానీ ఆ దారి నేరుగా ఆటోనగర్ షెడ్డుకే వస్తుంది.

ఇంగ్లండ్‌లోని ఆస్టిన్ కంపెనీ, తర్వాత మారిస్‌తో కలిసి బి.ఎం.సి. అయిన కంపెనీ, తన మామూలు కార్ల కోసం చేసిన ఇంజన్లలో వెస్లేక్ పేటెంట్ ఉన్న మంట గదులు వాడింది. దిల్ ఆకారంలో ఉండేవి అవే. రెండు వాల్వుల మధ్య నుంచి ఒక ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి, గాలి పెట్రోల్ బాగా కలిసేలా చేస్తుంది. ఆ కుటుంబంలో బి సీరీస్ అనే ఇంజన్ ఒకటి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారే కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్ అయింది. మొదట్లో దానిలో ఉన్నది 1476 సిసి సైడ్ వాల్వ్ ఇంజన్. 1959లో దాన్ని తీసేసి 1489 సిసి బి సీరీస్ పెట్టారు, వాల్వులు నెత్తి మీద ఉన్నది. అంటే 1935లో కావెంట్రీలో జరిగిన మార్పే మన దేశంలో అంబాసిడర్‌కి 24 ఏళ్ల తర్వాత జరిగింది.

కాబట్టి "కంపెనీవాళ్ల మర్జీ" కాదు మామూ. అది గాలిని కొలిచి కొలిచి ఒక మనిషి గీసిన గీత. నువ్వు నాలుగు రోజులు ఎవరి పనిని రుద్దుతున్నావో నీకు తెలియదు, అంతే.

ఆ హెడ్డులో ఇంకో విశేషం ఉంది. నాలుగు సిలిండర్లకు ఎనిమిది దారులు ఉండాలి కదా. ఉన్నవి ఐదే. గాలి వచ్చేవి రెండు, పొగ పోయేవి మూడు, అన్నీ ఒకే పక్కన. ఒకటి, రెండు సిలిండర్లది ఒకే గాలి దారి. మూడు, నాలుగుది ఇంకొకటి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గ్లాసులో నీళ్లు తాగినట్టు. మంట అంటుకునే వరస 1-3-4-2 కాబట్టి, రెండోది తాగుతుండగానే ఒకటోది నోరు తెరుస్తుంది. తర్వాత చాలాసేపు ఇద్దరూ తాగరు. వాటాలో పూర్తి ఇన్సాఫ్ జరగదు. చవకగా, మజ్బూత్‌గా చేయడానికి కంపెనీ ఒప్పుకున్న కమీ అది. ఎంత రుద్దినా ఆ కమీ పోదు. అది రుద్దేవాడి కసూర్ కాదు.

న్యూజిలాండ్‌లో ఒక షెడ్డు

వెస్లేక్ దగ్గర మీటర్లు ఉన్నాయి, కంపెనీల పైసలు ఉన్నాయి. మరి ఏమీ లేనివాడి సంగతి? న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్లో బర్ట్ మన్రో అనే ఆయన ఉండేవాడు. 1899లో పుట్టాడు. 1920లో ఒక మోటార్ సైకిల్ కొన్నాడు. దాని బ్రాండు పేరు ఇండియన్, మాడల్ పేరు స్కౌట్. పేరు ఇండియన్ అయినా తయారైంది అమెరికాలో. 600 సిసి సైడ్ వాల్వ్ బండి. కొన్నప్పుడు గంటకు 55 మైళ్లు పోయేది.

దాన్ని ఆయన నలభై ఏళ్లకు పైగా తన షెడ్డులో చేత్తోనే మార్చుకుంటూ పోయాడు. పిస్టన్లు తనే పోత పోశాడు. పాత గ్యాస్ గొట్టంతో సిలిండర్ చేశాడు. ట్రాక్టర్ ఇరుసు ఉక్కును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేశాడు. చక్రం పుల్లతో కొలత పరికరం చేసుకున్నాడు. సైడ్ వాల్వ్ తీసేసి వాల్వుల్ని నెత్తి మీదకు తెచ్చాడు. అదే మార్పు, మూడో చోట! 1967 ఆగస్టులో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో 1000 సిసి కేటగిరీలో 184 మైళ్ల రికార్డు పెట్టాడు. కిలోమీటర్లలో 296. ఆయన మీద 2005లో ఆంథోనీ హాప్కిన్స్ నటించిన సినిమా కూడా వచ్చింది.

నాకు ఈ కహానీలో రికార్డు కన్నా ఎక్కువ పసంద్ అయినది ఇంకొకటి. మన్రో తన షెడ్డులో ఒక అలమారా నిండా విరిగిన పిస్టన్లు, కాలిన భాగాలు, పాడైన సామాన్లు దాచిపెట్టాడు. పారేయలేదు. గల్తీల దస్తావేజ్ అన్నమాట. అది చదివినప్పుడు నాకు మా మెట్ల కింద హెడ్డు గుర్తొచ్చింది.

ఇళ్లలోకి వచ్చిన హునర్

1951లో వచ్చిన ఆస్టిన్ ఎ30 కారులో బి సీరీస్‌కి తమ్ముడు ఎ సీరీస్ ఇంజన్ ఉండేది. అదీ ఐదు దారుల హెడ్డే. 1959లో అదే ఇంజన్ మినీ కారులోకి వచ్చింది. మినీ చవక, హెడ్డు చిన్నది, ఒక మనిషి ఎత్తి వంటింటి బల్ల మీద పెట్టుకోవచ్చు. దాంతో ఇంగ్లండ్‌లో పోర్టింగ్ అనే షౌఖ్ ఇళ్లలోకి వచ్చేసింది. డౌంటన్ అనే పల్లెలో డేనియల్ రిచ్‌మండ్, ఆయన బీవీ బంటీ నడిపిన చిన్న వర్క్‌షాపు చెక్కిన హెడ్డులు ఎంత మషూర్ అయ్యాయంటే, కంపెనీ తనే వాళ్ల దగ్గరికి మష్వరాకు వెళ్లింది. మినీ కూపర్ ఎస్ 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది.

తర్వాత డేవిడ్ విజార్డ్ లాంటివాళ్లు ఈ ఇంజన్ల మీద మోటా కితాబులు రాసి, ఇంట్లో పనిచేసే మామూలు మనిషికి కూడా కొలత నేర్పారు. పాత వాక్యూమ్ క్లీనర్, ఒక పెట్టె, నీళ్లు పోసిన యు ఆకారపు గొట్టం ఉంటే గాలి కొలిచే బల్ల ఇంట్లోనే చేసుకోవచ్చు. గొట్టంలో నీటి మట్టం ఎంత లేచిందో చూడటం, అంతే. వెస్లేక్ ఇల్మ్ పల్లెటూరి షెడ్డుకు చేరింది.

ఆ కొలతలు మూడు పెద్ద గలత్ ఫహ్మీలను బద్దలు కొట్టాయి.

మొదటిది, దారి ఎంత పెద్దదైతే అంత మంచిది అనేది. కాదు. గాలికి బరువు ఉంది, పరుగు ఉంది. సన్న సందులో ఈదురుగాలి జోరుగా వస్తుంది, మైదానంలో చల్లబడిపోతుంది. దారిని మితిమీరి పెద్దది చేస్తే తక్కువ చుట్ల దగ్గర గాలి పరుగు మందగిస్తుంది. పిస్టన్ తిరిగి పైకి వస్తున్నా, పరుగులో ఉన్న గాలి తన జోరుతోనే ఇంకాస్త లోపలికి దూరుతుంది. జోరు పోతే ఆ ఫాయిదా పోతుంది. రేసులో 7000 చుట్లు తిరిగే ఇంజన్‌కి పనికొచ్చే దారి, ఘాట్ ఎక్కే టాక్సీకి పనికిరాదు.

రెండోది, అద్దంలా మెరిస్తే గాలి జారిపోతుంది అనేది. గాలి దారిలో పెట్రోల్ సన్న తుంపరగా వస్తుంది. గోడ మరీ నున్నగా ఉంటే ఆ తుంపర గోడకు పట్టి, ధారలా కారి, సరిగా కలవకుండా లోపలికి పోతుంది. కొంచెం గరుకు ఉంటే మళ్లీ గాలిలోకి లేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు గాలి దారిని మధ్యస్థం గరుకు కాగితంతో ఆపేస్తారు. పొగ దారిని మాత్రం నునుపు చేయొచ్చు, అక్కడ మసి తక్కువ పడుతుంది. అసలు మెరుపు వల్ల గాలికి కలిగే లాభం బహుత్ కమ్. ఆకారం వల్ల కలిగేదే అసలు లాభం.

మూడోది, కంటికి కనిపించే చోట పని చేస్తే చాలు అనేది. పోర్టు బయటి నోరు వెడల్పు చేయడం ఆసాన్, గ్రైండర్ అక్కడికే అందుతుంది. కానీ గాలి ఇరుక్కునేది వాల్వు దగ్గర. సీటు కింద గొంతు, వాల్వు గైడు చుట్టూ ఉబ్బు, అన్నిటికన్నా ముఖ్యంగా దారి కిందికి తిరిగే లోపలి మలుపు. స్పీడుగా వచ్చే ఆటో ఇరుకు మలుపులో పక్కకు జారినట్టే గాలి కూడా అక్కడ గోడను వదిలేసి సుడి తిరుగుతుంది. ఆ మలుపును నెమ్మదిగా గుండ్రం చేస్తే లాభం. అక్కడే ఎక్కువ గీకి పదును చేస్తే నష్టం. వాల్వు సీటుకి 45 డిగ్రీల కోత ఒక్కటే కాకుండా, పైన 30, కింద 60 డిగ్రీల కోతలు పెడితే గాలి మెట్లు దిగినట్టు సాఫీగా దిగుతుంది. ఇంకో హిసాబ్ కూడా ఉంది. వాల్వు తన వెడల్పులో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి, చుట్టూ తెరుచుకున్న జాగా వాల్వు వైశాల్యంతో సమానం అవుతుంది. అంతవరకు ఇరుకు సీటు దగ్గరే ఉంటుంది. అంతవరకు పోర్టు నోరు ఎంత పెద్దదైనా పెద్దగా లాభం లేదు.

ఇప్పుడు మా మామూ గల్తీ మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆయన నోరు పెంచాడు, గోడ మెరిపించాడు, గొంతును, మలుపును వదిలేశాడు. కార్బురేటర్ సెట్టింగ్ మార్చలేదు. చేతిలో హునర్ తక్కువ కాలేదు. ఆ చేతికి ఎక్కడ ఆగాలో చెప్పే కొలత లేదు.

మెట్ల కింద హెడ్డు

పోయిన ఏడాది మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు, ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో అలాంటి బల్ల ఒకటి చేశాడు. నేను మెట్ల కింది నుంచి మామూ హెడ్డు తీయించాను. పక్కన ముట్టుకోని ఇంకో అంబాసిడర్ హెడ్డు పెట్టాం. వాల్వును కొంచెం కొంచెంగా తెరుస్తూ రెండిటినీ చూశాం. మామూ నాలుగు రోజుల మెహనత్‌కి నీటి గీత దాదాపు అక్కడే నిలబడింది.

మామూకి ఇప్పుడు నడవడం కష్టం. కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. వెస్లేక్ గురించి చెప్పాను, ఆయన 1978లో పోయాడని, మన్రో కూడా అదే ఏడు పోయాడని, మన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయిందని. నిశ్శబ్దంగా విన్నాడు. తర్వాత హెడ్డును ఒళ్లో పెట్టమన్నాడు. చూపుడు వేలు దారిలోకి పెట్టి, లోపలి మలుపు దగ్గర ఆపాడు.

"ఇక్కడ వేలికి తగిలింది బేటా ఆ రోజే. ఏదో అడ్డం ఉన్నట్టు. గ్రైండర్ అందలేదు, వదిలేశాను. ఆ సాహెబ్‌కి మీటర్ ఉంది, నాకు వేలే ఉంది. వేలు చెప్పింది నేను వినలేదు."

మా అక్క కొడుకు ఆ హెడ్డు ఇనుము ధరకు పోతుందని అన్నాడు. మామూ ఒప్పుకోలేదు. ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు ముందు ఇదే చూపించమన్నాడు. నేనూ అదే చెబుతాను. షౌఖ్ ఉన్న పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ముందు తుక్కు హెడ్డు మీద చెయ్యి అలవాటు చేసుకోండి. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా గ్రైండర్ పట్టొద్దు, ఆ ఇనుప దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గోడ వెనకే నీళ్ల దారి ఉంటుందని మరవొద్దు, చిల్లు పడితే హెడ్డు పోయినట్టే. కొంచెం గీకండి, కొలవండి, రాసుకోండి. తీసేసిన లోహం తిరిగి రాదు, అందుకే ఈ పనిలో సగం హునర్ సబర్.

హెడ్డు ఇప్పుడు మెట్ల కింద లేదు. మామూ గదిలో, కిటికీ దగ్గర అలమారాలో ఉంది. పొద్దున ఎండ పడితే ఆ దారిలో ఇంకా మొహం కనిపిస్తుంది.